ప్రమిద, వత్తి, నూనె: ధ్యానానికి కూర్చునే ముందు ఒంటిని సిద్ధం చేసుకోవడం

దీపం మసకగా వెలుగుతుంటే మన ఇళ్ళలో ఎవరూ మంటను తప్పుపట్టరు. ప్రమిద అడుగున మడ్డి పేరుకుందేమో చూస్తారు, వత్తి చివర కట్టిన మసిని పుల్లతో గిల్లేస్తారు, నూనె పాతబడి ఉంటే ఒంపేసి కొత్తది పోస్తారు. క్రీస్తుశకం 5వ శతాబ్దంలో శ్రీలంకలో ఉండి ‘విశుద్ధిమార్గం’ రచించిన బుద్ధఘోషుడు ధ్యానంలో సాధించవలసిన పది నేర్పులను వివరిస్తూ అన్నిటికంటే ముందు చెప్పింది సరిగ్గా ఇదే. జుట్టూ గోళ్ళూ పెరిగిపోయి, ఒళ్ళు చెమటతో జిడ్డుకట్టి, బట్టలు మాసి, ఉండే చోటు చిందరవందరగా ఉన్నప్పుడు ఆ మనిషిలో పుట్టే జ్ఞానం కూడా మురికి ప్రమిదలో, మురికి వత్తితో, మురికి నూనెతో వెలిగే దీపంలాగా మసకబారే ఉంటుందని ఆయన అభిప్రాయం.

“కూర్చుంటే మనసు నిలవడం లేదండీ” అని ఎవరైనా అంటే, వాళ్ళు చేస్తున్న ధ్యానపద్ధతి ఏదో నేను వెంటనే అడగను. నిన్న రాత్రి ఎన్నింటికి భోంచేశారు, ఎన్నింటికి పడుకున్నారు, ఈ ఉదయం ఏం తాగారు అని అడుగుతాను. పదిలో ఏడెనిమిది సార్లు సమాధానం అక్కడే దొరుకుతుందని నా అనుభవం. విశాఖపట్నం ఉక్కపోతలో, ఉద్యోగాల మధ్య, ఇంటి భోజనంతోనే సాధన చేసుకొనే గృహస్థుల కోసం ఆ సర్దుబాట్లను వరుసగా రాస్తున్నాను. ఈ వరుసకు కారణం ఉంది కాబట్టి మొదటి మూడు అడుగులనూ దాటవేయవద్దని మనవి.

మొదటి అడుగు: ఆకలి తపస్సు కాదని ఒప్పుకోవడం

సిద్ధార్థుడు ఆరేళ్ళ పాటు చేసిన కఠోర తపస్సు గురించి అందరికీ తెలుసు గాని, దాన్ని వదిలిపెట్టడానికి ఆయన చెప్పిన కారణం అంతగా ప్రచారంలో లేదు. బుద్ధుడి ఉపదేశాల సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో, మహాసచ్చక సుత్తం అనే ఉపదేశంలో ఆ సంగతిని ఆయనే వివరంగా చెబుతాడు. పెసరకట్టో ఉలవకట్టో పూటకు పుడిసెడు చొప్పున తాగి బతికిన ఆ రోజుల్లో పొట్ట తడిమితే వెన్నెముక చేతికి తగిలేదట, కాలకృత్యాలకు లేస్తే ఉన్నచోటే బోర్లా పడిపోయేవాడట, ఒళ్ళు నిమురుకుంటే వేళ్ళు పుచ్చిన వెంట్రుకలు రాలివచ్చేవట. అంత చేసినా జ్ఞానం దక్కలేదు. చిన్నతనంలో తండ్రి పొలం పనుల్లో ఉండగా తాను నేరేడు చెట్టు నీడన కూర్చున్నప్పుడు మనసు తనంతట తానే కుదురుకున్న సందర్భం అప్పుడు ఆయనకు గుర్తుకొచ్చింది. బోధికి దారి ఇదే అయి ఉండాలనీ, ఇంతగా చిక్కిపోయిన ఒంటితో ఆ సుఖాన్ని అందుకోవడం తేలిక కాదనీ తేల్చుకొని, అన్నం వంటి గట్టి ఆహారం తీసుకున్నాడు. సుజాత పాయసం కథ జాతకాల పీఠికలో ఉంది, అందంగానూ ఉంది. సుత్తంలో మాత్రం పాయసమూ లేదు, సుజాతా లేదు. తిండి విషయంలో మెత్తబడ్డాడని అలిగి వెళ్ళిపోయిన అయిదుగురు సహచరులు ఉన్నారు. తిన్నవాణ్ణి చూసి పెదవి విరిచే అలవాటు అంత పాతది.

ధమ్మపదం 203వ గాథ ‘జిఘచ్ఛా పరమా రోగా’ అని మొదలవుతుంది, అంటే రోగాలన్నిటిలోకీ ఆకలి పెద్దది. దాని వెనుక కథను అట్ఠకథ, అంటే పాత వ్యాఖ్యానం, ఇలా చెబుతుంది. ఆళవి అనే ఊళ్ళో బుద్ధుడు ధర్మోపదేశానికి వచ్చిన రోజునే ఒక పేద రైతు ఎద్దు తప్పిపోయింది. అతడు పొద్దెక్కేదాకా వెతికి, దాన్ని పట్టుకొచ్చి మందలో కలిపి, అన్నం కూడా తినకుండా పరుగున వచ్చాడు. సభ అంతా కాచుకొని కూర్చున్నా బుద్ధుడు నోరు విప్పలేదు. మిగిలిన అన్నం ఏమైనా ఉందా అని అడిగి, ఆ రైతుకు పెట్టించి, అతని ప్రాణం కుదుటపడ్డాకనే ఉపదేశం ప్రారంభించాడు. దారిలో భిక్షువులు దీని గురించి గుసగుసలాడుకుంటే, ఆకలి బాధలో ఉన్నవాడికి ధర్మం తలకెక్కదని సమాధానమిచ్చాడు. ఈ ఒక్క కథను గుర్తుంచుకుంటే ఈ మార్గదర్శిలో సగం చదివినట్లే.

నాకు మాత్రం అది కథగా సరిపోలేదు, స్వయంగా పడి నేర్చుకోవలసి వచ్చింది. కొన్నేళ్ళ కిందట ఒక వైశాఖ పూర్ణిమ నాడు, ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినకుండా, నీళ్ళ సీసా అయినా లేకుండా, భీమిలి రోడ్డులో బస్సు దిగి, బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ ఎక్కి, స్తూపానికి కొంచెం ఎడంగా కూర్చున్నాను. ముప్పావు గంటకు చెవుల్లో సన్నటి హోరు మొదలైంది, చేతులు తేలిపోతున్నట్లు అనిపించింది, మూసిన రెప్పల వెనుక వెలుగు చుక్కలు కదిలాయి. సమాధి కుదిరే సూచన కాబోలని లోలోపల మురిసిపోయాను. లేచి నిలబడబోతే కళ్ళు తిరిగి పక్కనున్న రాతిని పట్టుకున్నాను. ఎలాగో కిందికి దిగాక, రోడ్డు పక్కన తాటికాయలు కొడుతున్న ముసలమ్మ నా ముఖం చూసి, “ఏటి బాబూ, ఏటీ తినకుండానే ఎక్కీసినావేటి కొండ? కూకో ముందు” అని, ధర మాట ఎత్తకుండానే నాలుగు ముంజలు ఆకులో పెట్టి చేతికిచ్చింది. వాటిని బొటనవేలితో పొడిచి లోపలి నీళ్ళు పీలుస్తుండగానే హోరు తగ్గింది. పది నిమిషాల్లో నా సమాధి పూర్తిగా దిగిపోయింది.

ఆ తరువాత అదే కొండను మళ్ళీ చూసినప్పుడు నా కంటికి వేరే సంగతులు కనిపించాయి. నౌకాదళం జరిపిన గగన సర్వేలో ఈ స్థలం బయటపడితే, 1988–1993 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులతో పాటు వంటశాల, భోజనశాల కూడా అక్కడ వెలికివచ్చాయి. కొండకు పేరు తెచ్చింది స్తూపం కాదు, వాననీటిని పట్టి నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు. దగ్గరలోని బావికొండకు కూడా పేరు బావుల వల్లనే వచ్చింది. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట ధ్యానం కోసం సముద్రం ఒడ్డున కొండ ఎక్కినవాళ్ళు నీళ్ళకూ తిండికీ ఏర్పాటు చేసుకొనే కూర్చున్నారు, నేను ఒక సీసా కూడా పట్టుకుపోలేదు.

రెండో అడుగు: వారం రోజులు రాసుకోవడం

మార్పులు చేయకముందు, ఇప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. ఒక చిన్న పుస్తకంలో వారం పాటు నాలుగే సంగతులు రాయండి: చివరిసారి తిన్నది ఎప్పుడు, ఏమిటి; నిద్ర ఎన్ని గంటలు; కూర్చున్నది ఎప్పుడు; మనసు ఎలా ఉంది. చివరిదానికి పెద్ద వర్ణనలు వద్దు. ‘స్పష్టం’, ‘మగత’, ‘గంతులు’, ‘చిరాకు’ అనే నాలుగు మాటలు చాలు. మగతను పాళీలో థీనమిద్ధం అనీ, గంతులను ఉద్ధచ్చం అనీ అంటారు. ధ్యానానికి అడ్డుపడే అయిదు నీవరణాల్లో ఇవి కూడా ఉన్నాయి. వీటికి మానసిక కారణాలు ఉండవచ్చు గాని, అవే రెండూ వరుసగా బరువైన భోజనానికీ, ఖాళీ కడుపు మీద తాగిన రెండో కప్పు కాఫీకీ కూడా పుడతాయి.

ఆకలి అనిపించిన ప్రతిసారీ అది ఏ రకమైనదో గుర్తుపట్టడం ఈ వారంలోనే సాధన చేయాలి. మొదట ఒక గ్లాసు నీళ్ళు తాగి పది నిమిషాలు ఆగండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊళ్ళో చెమట రూపంలో పోయే నీళ్ళు తక్కువేమీ కావు, దాహాన్ని ఆకలిగా పొరబడటం తరచూ జరుగుతుంది. నీళ్ళతో తగ్గితే అది దాహమే. తగ్గకపోతే చద్దన్నం, మజ్జిగ ఇస్తే తింటానా అని మిమ్మల్ని మీరు అడగండి. తింటాను అనిపిస్తే అది కడుపు ఆకలి. వద్దు, బజ్జీలయితే తింటాను అనిపిస్తే అది నాలుక ఆకలి. మరొకటి ఉంది, గడియారపు ఆకలి. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను మనం రోజూ తినే వేళలకు ముందు పెరిగి, తినకపోయినా కొంతసేపటికి తగ్గుతుంది. అందుకే సాయంత్రం అయిదింటికి టిఫిన్ అలవాటున్నవాడికి అయిదింటికి కడుపులో పిల్లులు పరుగెత్తినా, ఆరున్నరకు ఆ సంగతే గుర్తుండదు. అల వచ్చి వెళ్ళినట్లు వచ్చిపోయే ఈ ఆకలిని కూర్చొని చూడవచ్చు, దానివల్ల ప్రమాదం లేదు. చేతులు వణకడం, చల్లని చెమట, మాట తడబడటం మాత్రం చూస్తూ కూర్చోవలసినవి కావు, వెంటనే లేచి తినవలసినవి.

శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్ళు ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. కళ్ళు మూసుకొని కదలకుండా కూర్చున్నాం కదా, తిండితో పనేమిటి అనుకొనేవారికి ఈ లెక్క చెప్పాలి.

మూడో అడుగు: తినే వేళనూ కూర్చునే వేళనూ కలపడం

భిక్షువులు మధ్యాహ్నం దాటాక గట్టి ఆహారం తీసుకోరాదన్న నియమానికి ఆధ్యాత్మిక కారణాలు ఎన్ని చెప్పుకున్నా, మజ్ఝిమ నికాయంలో ఉదాయి అనే భిక్షువు చెప్పిన కారణాలు చాలా లౌకికమైనవి. రాత్రివేళ భిక్షకు వెళ్ళినవాళ్ళు మురుగు గుంటల్లో పడేవారు, ముళ్ళకంపల్లో చిక్కుకొనేవారు. ఒకనాటి చీకట్లో గిన్నె కడుగుతున్న ఒక స్త్రీ మెరుపు వెలుగులో తనను చూసి పిశాచమనుకొని కేకలు పెట్టిందని కూడా ఆయన చెప్పుకున్నాడు. రాత్రి భోజనం మానడం వల్ల తనకు ఆరోగ్యమూ తేలికదనమూ బలమూ కలిగాయని బుద్ధుడు చెప్పిన మాట ఇంకోచోట ఉంది. అంటే ఈ నియమం ఒంటిని శిక్షించడానికి పుట్టింది కాదు.

గృహస్థులకు ఇది రోజువారీ నియమం కాదు. అష్టశీలం అనే ఎనిమిది నియమాలు పాటించే ఉపోసథ దినాల్లో, అంటే పున్నమి, అమావాస్య, అష్టముల్లో పాటిస్తే చాలు. పాటించదలచినవారికి ఒక చిన్న వివరం చెప్పాలి. మధ్యాహ్నమంటే గడియారంలో 12 కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే క్షణం. మన దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖకు విశాఖపట్నం కొద్దిగా తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ ఆ క్షణం నవంబరు మొదట్లో సుమారు 11:40కీ, ఫిబ్రవరి మధ్యలో సుమారు 12:10కీ వస్తుంది. ఏడాది పొడుగునా 11:30కి భోజనం ముగించుకుంటే ఈ లెక్కలతో పనే ఉండదు.

మామూలు రోజుల్లో నేను సూచించే పద్ధతి ఇది. తెల్లవారుజామున కూర్చునేవారు ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు భోజనం పూర్తిచేయాలి. రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని నాలుగున్నరకు లేచి కూర్చున్నవాడు ధ్యానం చేయడు, అరిగించుకుంటాడు. లేవగానే నీళ్ళు తాగి, కడుపు ఖాళీగానే గంటసేపు కూర్చోవచ్చు. ఖాళీ కడుపుతో నిలవలేనివారు, కూర్చునే ముప్పావు గంట ముందు పల్చటి జావ తాగాలి. సాయంత్రం కూర్చునేవారు మధ్యాహ్న భోజనానికి కనీసం రెండున్నర గంటల ఎడం ఇచ్చి, ఆఫీసు నుంచి వచ్చాక ఒక అరటిపండో గుప్పెడు వేరుశనగలో తిని, ముఖం కడుక్కొని కూర్చుంటే సరిపోతుంది. స్టీలు ప్లాంటులోనో పోర్టులోనో రాత్రి షిఫ్టు చేసేవారికి ‘తెల్లవారుజాము’ అనే మాటే వర్తించదు. వాళ్ళు నిద్ర లేచిన గంటకు కూర్చోవాలి, అది పగలు మూడు గంటలైనా సరే. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, నిద్ర ముంచుకొస్తున్న కళ్ళతో కూర్చొని, తనకు ధ్యానం అబ్బలేదని బాధపడిన మిత్రుణ్ణి నేను చూశాను. చేసిన తప్పల్లా వేళ ఎంచుకోవడంలోనే.

జావ గురించి రెండు మాటలు ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దాన్ని మనం జ్వరం వచ్చినవాళ్ళ తిండిగా చిన్నచూపు చూస్తున్నాం. భిక్షువుల నియమాల సంకలనమైన వినయ పిటకంలో బుద్ధుడు యవాగువుకు, అంటే జావకు, పది లాభాలు చెప్పాడు. ఆయువు, వర్ణం, సుఖం, బలం ఇస్తుంది, ఆకలి దప్పులు తీరుస్తుంది, వాతాన్ని సరిచేస్తుంది, మూత్రాశయాన్ని శుభ్రపరుస్తుంది, అరగకుండా మిగిలినదాన్ని అరిగిస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ జాబితాలోనే ఉన్న ‘పటిభానం’, అంటే బుద్ధి చురుకుదనం, ఒక ఎత్తు. యవాగువు అన్న ఆ మాటకూ మన జావకూ చుట్టరికం ఉంది. ఉత్తరాంధ్రలో దీనికి చోడి (రాగి) అంబలిని మించినది లేదు. రాత్రే చోడిపిండిని నీళ్ళలో కలిపి పులియనిచ్చి, ఉదయం ఉడుకుతున్న నూకలో పోసి, ఉండకట్టకుండా తిప్పి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలిపి గ్లాసుతో తాగాలి. కూర్చోబోయే ముందు గ్లాసు చాలు, రెండో గ్లాసు నిద్రకు దారి.

నాలుగో అడుగు: మాత్ర ఎరగడం

భోజనంలో మాత్ర, అంటే తగిన కొలత, తెలిసి ఉండటాన్ని పాళీలో ‘భోజనే మత్తఞ్ఞుతా’ అంటారు. కోసల రాజు ప్రసేనజిత్తు ద్రోణం అనే పెద్ద కొలతతో వండిన అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరకు వచ్చి కూర్చున్న సంగతి సంయుత్త నికాయంలో ఉంది. ఎరుకతో ఉండి, దొరికిన భోజనంలో మాత్ర తెలిసినవాడికి బాధలు తక్కువవుతాయనీ, తిన్నది నెమ్మదిగా అరుగుతుందనీ, ఆయువు నిలుస్తుందనీ చెప్పే ఒక గాథను బుద్ధుడు ఆయనకు వినిపించాడు. రాజు దాన్ని తాను గుర్తుపెట్టుకోలేదు. వెనక నిలబడ్డ సుదర్శనుడనే యువకుడితో కంఠస్థం చేయించి, తనకు భోజనం వడ్డించే వేళ దాన్ని వినిపించినందుకు రోజుకు నూరు కార్షాపణాలు (నాణేలు) ఇచ్చే ఏర్పాటు చేశాడు. క్రమంగా నాళిక అనే చిన్న కొలతకు దిగి, ఒళ్ళు తేలికపడి, అవయవాలు నిమురుకుంటూ సంతోషించాడట. రాజుగారు తన నిగ్రహాన్ని నమ్ముకోకుండా ఏర్పాటును నమ్ముకోవడం నాకు ఈ కథలో బాగా నచ్చిన సంగతి. మనకు సుదర్శనుడు అక్కర్లేదు, గరిటె చాలు. ఎంత తింటున్నారో వారం పాటు అదే గరిటెతో కొలిచి, తరువాతి వారం ఒక గరిటె తగ్గించి, మజ్జిగన్నానికి వచ్చేసరికి ఎలా ఉందో చూడండి.

ఎక్కడ ఆపాలో బుద్ధుడి ప్రధాన శిష్యుడు సారిపుత్రుడు ఇంకా స్పష్టంగా చెప్పాడు: ఇంకో నాలుగైదు ముద్దలు పడతాయనగా ఆపి నీళ్ళు తాగితే, సాధనలో ఉన్న భిక్షువు హాయికి అది చాలు. పెద్ద భిక్షువుల పద్యాల సంకలనమైన థేరగాథల్లోని ఈ మాటను పాటించడంలో చిక్కు ఏమిటంటే, నాలుగైదు ముద్దలు మిగిలాయని అప్పటికి తెలియదు, నాలుగైదు ముద్దలు ఎక్కువయ్యాయని తరువాత తెలుస్తుంది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. కాబట్టి నెమ్మదిగా తినడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

అయిదో అడుగు: ఒక ముద్దను చూడటం

భిక్షువులు భోజనానికి ముందు మననం చేసే పాఠం సారాంశం ఇది: ఆటకోసం కాదు, మదం కోసం కాదు, అందం కోసం కాదు, ఈ శరీరం నిలవడానికీ, పాత బాధ పోవడానికీ, కొత్త బాధ పుట్టకుండా ఉండటానికీ తింటున్నాను. పాత బాధ అంటే ఆకలి, కొత్త బాధ అంటే తిండి ఎక్కువైతే కలిగే ఆయాసం. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ప్రతి పూటా కొత్తగా వెతుక్కోవాలి.

దీన్ని ఆవకాయ అన్నంతో ప్రయత్నించి చూడండి, కఠిన పరీక్ష కాబట్టే చెబుతున్నాను. వేడి అన్నంలో ఎర్రటి ఊట కలుపుతుండగా వేళ్ళకు వేడి తగులుతుంది, ఆవఘాటు ముక్కుకు అందుతుంది, ముద్ద నోటికి చేరకముందే నోట్లో నీళ్ళూరతాయి. నాలుక మీద పడగానే ఉప్పు, కారం, పులుపు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మూడోసారి నమిలేసరికి చెయ్యి తనంతట తానే రెండో ముద్ద కలపడం ప్రారంభిస్తుంది. ఆ చేతిని గమనించండి. నోట్లో ఉన్నది ఇంకా మింగలేదు, రుచి ఇంకా అయిపోలేదు, అయినా చెయ్యి ముందుకు వెళ్ళిపోయింది. మింగేదాకా చేతిని కంచంలో ఊరికే ఉంచడం ఒక్కటి సాధిస్తే, ఆ పూట భోజనం దానంతట అదే నాలుగు ముద్దలు తగ్గుతుంది. పిల్లలతో కలిసి తినేటప్పుడు ఇది సాధ్యం కాదు, సాధ్యం చేయాలని వాళ్ళ మీద విసుక్కోవడం అంతకంటే మంచిది కాదు. మొదటి మూడు ముద్దలతో సరిపెట్టుకోండి.

ఆరో అడుగు: ఒళ్ళు, బట్ట, గది

మిళింద రాజు ఒకసారి, భిక్షువులకు శరీరం మీద ప్రేమ లేకపోతే దాన్ని ఎందుకు పోషించుకుంటారని నాగసేనుడనే భిక్షువును నిలదీశాడు. యుద్ధంలో మీకు బాణం దెబ్బ తగిలినప్పుడు గాయానికి మందు రాసి కట్టు కట్టించుకున్నారు కదా, ఆ గాయం మీద మీకు ప్రేమా అని నాగసేనుడు ఎదురు ప్రశ్న వేశాడు. ఒంటిని చూసుకోవడంలో మన వైఖరి ఎలా ఉండాలో ఈ సంభాషణ తేలుస్తుంది: గాయాన్ని శుభ్రం చేస్తాం, దానికి నగలు పెట్టం.

స్నానం విషయంలో మన వాతావరణానికి వినయ పిటకంలో ఒక ఊరట ఉంది. రాజగృహంలో భిక్షువులు వేడినీటి బుగ్గల దగ్గర అదేపనిగా స్నానాలు చేస్తూ బింబిసార రాజును చాలాసేపు ఆపేసినందువల్ల, పక్షానికి ఒక్కసారే స్నానం అన్న నియమం వచ్చింది. వెంటనే మినహాయింపులూ వచ్చాయి. వేసవి చివరి నెలన్నర, వానాకాలపు మొదటి నెల ఎన్నిసార్లయినా స్నానం చేయవచ్చు, ఎందుకంటే అది ఎండల కాలం, ఉక్క కాలం. పని చేసినప్పుడూ, ప్రయాణం చేసినప్పుడూ, జబ్బు పడినప్పుడూ కూడా అంతే. సముద్రపు గాలి మోసుకొచ్చే తేమ ఒంటికి అంటుకొని జిడ్డుగా ఆరే మన ఊళ్ళో, సాయంత్రం కూర్చునే ముందు చన్నీళ్ళు పోసుకోవడం విలాసం కింద లెక్కకు రాదు. తీరిక లేకపోతే మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా, మెడ వెనుక కడుక్కుంటే సగం స్నానం చేసినట్లే. కూర్చునేందుకు వదులైన నూలు బట్టలు రెండు జతలు విడిగా పెట్టుకోండి. మెడ వెనుక చెమట దురదను పావుగంట ‘గమనించిన’ సాధకుణ్ణి నేనే కాబట్టి, తువ్వాలుతో తుడుచుకొని కూర్చోవడం మేలని ధైర్యంగా చెప్పగలను.

పళ్ళు తోముకోవడం వల్ల అయిదు లాభాలను అంగుత్తర నికాయం లెక్కపెట్టింది. వాటిలో తిండి రుచించడం ఒకటి. గోళ్ళు, జుట్టు సంగతి బుద్ధఘోషుడే చెప్పాడు. గది విషయంలో ఒక్కటే సూచన: కూర్చునే చోటికి ఎదురుగా మడత పెట్టని బట్టల కుప్ప ఉండకూడదు. కళ్ళు మూసుకున్నా అది కనిపిస్తూనే ఉంటుంది.

నొప్పుల దగ్గర మనవాళ్ళు పౌరుషానికి పోతారు. సోణుడనే సుకుమారుడు భిక్షువై, పాదాలు చిట్లి నెత్తురు కారేదాకా చంక్రమణం, అంటే అటూ ఇటూ నడుస్తూ చేసే ధ్యానం, చేసి, ఫలితం కనిపించక ఇంటికి పోదామనుకున్నాడు. వీణ తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులుగా ఉంటే పలుకుతుందా అని బుద్ధుడు అతణ్ణి అడిగిన మాట అందరికీ తెలుసు. భిక్షువులు చెప్పులు తొడుక్కోవడానికి అనుమతి వచ్చింది కూడా ఆ నెత్తురు పాదాల వల్లనే. మోకాలు సలుపుతుంటే కింద దిండు వేసుకోండి, నడుము నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చోండి. కాళ్ళు తిమ్మిరెక్కడం లేచాక నిమిషంలో పోతుంది. లేచాక కూడా ఉండే నొప్పి మాత్రం వైద్యుడికి చూపించవలసినది.

ఏడో అడుగు: నిద్ర, మగత

తిండి తరువాత స్పష్టతను ఎక్కువగా దెబ్బతీసేది నిద్రలేమి. కాఫీతో దాన్ని కప్పిపుచ్చలేం. తాగిన కెఫీనులో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం ఆరింటి కాఫీ రాత్రి పదకొండుకు కూడా మీతోనే ఉంటుంది. ధ్యానం చేస్తే నిద్ర తగ్గించుకోవచ్చన్న మాటను నమ్మి రోజూ నాలుగు గంటలే పడుకొనేవారు, ముందు రెండు వారాలు ఏడు గంటలు నిద్రపోయి, ఆ తరువాత ధ్యానం గురించి మాట్లాడాలి.

తగినంత నిద్ర ఉన్నా మగత వస్తే, కునికిపాట్లు పడుతున్న మోగ్గల్లానుడనే శిష్యుడికి బుద్ధుడు చెప్పిన ఉపాయాలను అదే వరుసలో వాడవచ్చు. ఏ తలపులో ఉండగా నిద్ర వచ్చిందో దాన్ని వదలాలి. విన్న ధర్మాన్ని తలచుకోవాలి, తరువాత పైకి వల్లించాలి. లాభం లేకపోతే రెండు చెవులూ లాగి, ఒళ్ళు రుద్దుకోవాలి. అప్పటికీ పోకపోతే లేచి కళ్ళు నీళ్ళతో కడుక్కొని, దిక్కులు చూసి, నక్షత్రాల వైపు తలెత్తాలి. ఆ పైన వెలుగును మనసులో నిలుపుకోవాలి, ఆ తరువాత అటూ ఇటూ నడవాలి. ఇన్ని చేసినా పోకపోతే, కుడివైపు ఒత్తిగిలి, లేచే వేళను తలచుకొని పడుకోవాలి. చివరి మెట్టు పడుకోవడమే కావడంలో ఎంతో దయ ఉంది. మోగ్గల్లానుడికి లేని సదుపాయం మనకు ఒకటుంది. భోజనం తరువాత మేడ మీద ఇరవై నిమిషాలు సముద్రపు గాలిలో నడిస్తే చాలావరకు మగత విడిపోతుంది. తిన్నది అరగడం, అలా కుదిరిన సమాధి చాలాసేపు నిలవడం చంక్రమణం లాభాల్లో ఉన్నాయని అంగుత్తర నికాయం చెబుతుంది.

ఎనిమిదో అడుగు: జబ్బులో మినహాయింపులు

మధుమేహానికి ఇన్సులిన్‌గానీ, చక్కెర తగ్గించే మాత్రలుగానీ వాడుతున్నవారు డాక్టరును అడగకుండా ఏ పూటా భోజనం మానకూడదు, ఉపోసథ దినమైనా సరే. కూర్చున్నప్పుడు వణుకు, చెమట, గుండెదడ, అయోమయం కలిగితే అది అనుభూతి అనుకోకుండా చక్కెర పరీక్షించుకోవాలి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉన్నా, పరీక్షించే వీలే లేకపోయినా, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, తిండి అంటే భయమో అపరాధభావమో ఉన్నవారు ఉపవాసం జోలికి పోనక్కర్లేదు.

వినయ పిటకం కూడా ఈ విషయంలో పట్టుదలకు పోలేదు. శరత్కాలంలో భిక్షువులు జబ్బుపడి చిక్కిపోతే, నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే అయిదింటిని మందుగా మధ్యాహ్నం తరువాత కూడా తీసుకోవడానికి బుద్ధుడు అనుమతించాడు. అనకాపల్లి బెల్లం ముక్క జేబులో ఉంచుకొని శిబిరానికి వెళ్ళే పెద్దాయన ఒకరు నాకు తెలుసు, ఆయనకు ఈ నియమం తెలియదు గాని పాటిస్తున్నాడు. గోయెంకా సంప్రదాయంలోని పదిరోజుల విపశ్యన శిబిరాల్లో ఉదయం 11కు భోజనం అయ్యాక, సాయంత్రం 5కు కొత్తవారికి టీ, పళ్ళు ఇస్తారు, పాతవారికి నిమ్మకాయ నీళ్ళే. ఆరోగ్య సమస్య ఉంటే చేరేటప్పుడే చెప్పుకోండి. సిగ్గుపడి దాచి, నాలుగో రోజు కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళున్నారు.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీదికి చేర్చిన ఘటన వినయ పిటకంలోని మహావగ్గంలో ఉంది. నాకు సేవ చేయాలనుకొనేవాడు రోగికి సేవ చేయాలని ఆయన అన్నది అప్పుడే. సేవకు లొంగని రోగి లక్షణాలను కూడా అక్కడే చెప్పాడు: పడనిది చేస్తాడు, పడినదానిలో మాత్ర ఎరగడు, మందు వేసుకోడు. జ్వరంలో కూడా ధ్యానం మాననని భీష్మించే మనలాంటివాళ్ళను ఉద్దేశించే అన్నట్లుంటుంది.

తొమ్మిదో అడుగు: పుస్తకం మళ్ళీ తెరవడం

మూడు వారాల తరువాత మొదటి వారం పేజీలను పక్కన పెట్టుకొని చూడండి. చాలామందికి రెండు మూడు జతలు బయటపడతాయి. నా పుస్తకంలో ‘రాత్రి 10 తరువాత తిన్నది’ ఉన్న ప్రతిచోటా మరునాడు ‘మగత’ ఉంది, ‘ఉదయం కాఫీ రెండు’ ఉన్నచోట్ల ‘గంతులు’ ఉంది. వాటిని సరిచేశాక ‘స్పష్టం’ అన్న మాట పెరిగింది గాని, అన్ని రోజులూ నిండలేదు.

నిండని రోజుల కోసమే ఇన్ని సర్దుబాట్లూ. మొన్న శ్రావణంలో ఒక పేజీ ఇలా ఉంది: ‘రాత్రి 7:40, రెండు పుల్కాలు, బీరకాయ కూర. నిద్ర ఏడు గంటలు. స్నానం అయింది. గాలి బాగుంది. 5:10కి కూర్చున్నాను. చిరాకు.’ తిండి, నిద్ర, ఒళ్ళు, గది అన్నీ సరిగా ఉన్నాయి కాబట్టి నింద వేయడానికి ఇంకేమీ మిగల్లేదు. మళ్ళీ కళ్ళు మూసుకొని చూస్తే, పది రోజుల కిందట పొలం వాటా గురించి తమ్ముడితో అన్న మాట ఒకటి అక్కడే కూర్చొని ఉంది. ఆ సాయంత్రం వాడికి ఫోను చేశాను.